మంచు ఎందుకు జారుతుంది?

(తెలుగు తరగతి పిల్లలకు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి శనివారం తరగతి మొదలయ్యే ముందు మీలో ఒక చిన్నారి కుంటుకుంటూ లోపలికి వచ్చింది. కాలిబాట మీద నీరు గడ్డకట్టి ఉండటం చూసుకోక కాలు జారి పడిందట. మోకాలి మీద తోలు లేచింది. ఏడుస్తుందేమో అనుకొన్నాను. ఏడవలేదు. నా దగ్గరకు వచ్చి, "తాతగారూ! మా వంటగదిలో నేల పలకలు అద్దంలాగ ఉంటాయి. వాటి మీద నా బూట్లు జారవు. మంచు మీద మాత్రం ఎందుకు జారుతాయి?" అని అడిగింది.

"మంచు నున్నగా ఉంటుంది కదమ్మా, అందుకని" అన్నాను.

"పలకలూ నున్నగానే ఉన్నాయి కదండీ!" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. వచ్చేవారం చెబుతానని మాట ఇచ్చి అప్పటికి తప్పించుకొన్నాను. ఈ వారం రోజులు ఆ మాట నిలబెట్టుకోవడానికి పుస్తకాలు తిరగవేశాను. చూడగా చూడగా తెలిసిందేమంటే, ఈ ప్రశ్నకు మన ఊరితో చాలా సంబంధం ఉంది. మనం కూరగాయలకు వెళ్ళే బజారుకు పక్క సందులోనే కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని పట్టుకొని ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఇంకొందరు ఈ ప్రశ్నతో చాలా దూరం వెళ్ళి తిరిగి రాలేదు. ఆ కథ చివర చెబుతాను.

ముందు మాట సంగతి చూద్దాం. ఇది తెలుగు తరగతి కదా! మనకు మంచు అనే ఒక్క మాటే ఉంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకొనేదీ మంచే. గడ్డి కొనల మీద ముత్యాల్లాగ నిలిచేదీ మంచే. హిమాలయాల మీద పడేదీ మంచే. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నది మీద నడవవలసిన అవసరం ఏనాడూ రాలేదు, అందుచేత దానికి వేరే పేరు పెట్టుకోలేదు. మనం ఈ వేళకు ఒక ఏర్పాటు చేసుకొందాం. ఆకాశం నుంచి దూదిలాగ రాలేదాన్ని మంచు అందాం. నీరు గట్టిపడి రాయిలాగ అయినదాన్ని మంచుగడ్డ అందాం. మన చిన్నారి జారింది మంచుగడ్డ మీద.

జారడం అర్థం కావాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి ఉష్ణోగ్రత. రెండవది ఘర్షణ. పాఠ్యపుస్తకాలలో ఇవి వేరువేరు పాఠాలు. ఒక పాఠానికీ ఇంకొక పాఠానికీ మధ్య పరీక్షలు, సెలవులు కూడ వచ్చిపోతాయి. అందుచేత ఈ రెండూ చుట్టాలని మనకు తోచదు.

ఒక వస్తువు ఎంత చల్లగా ఉందో చేతితో తాకి చెప్పవచ్చునని అనుకొంటాం. కాని చేయి నమ్మదగిన సాక్షి కాదు. రాత్రంతా బయట వదిలేసిన సైకిలును జనవరి నెల పొద్దున పట్టుకోండి. ఇనుప కడ్డీ చేతిని కొరుకుతుంది. దాని చివరనున్న రబ్బరు పిడి అంత చల్లగా అనిపించదు. థర్మామీటరు పెట్టి చూస్తే రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే! రెండూ ఆ రాత్రి ఆ చలిలోనే కదా ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఇనుము మీ చేతి వేడిని గబగబా లాక్కొని పోతుంది. రబ్బరు లాక్కోలేదు. చేయి చెప్పేది వస్తువు ఉష్ణోగ్రతను కాదు, తన వేడి ఎంత త్వరగా పోతున్నదో చెబుతున్నది. ఈ ఇనుము, రబ్బరుల సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దానితో పని పడుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు. దీపావళి నాడు కాకరపువ్వొత్తులు కాల్చారు కదా. ఆ రవ్వల ఉష్ణోగ్రత వేయి డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అలాంటి రవ్వ చేతి మీద పడితే చురుక్కుమని ఊరుకొంటుంది. పొయ్యి మీది గంజి తొంభై డిగ్రీలే. అది చేతి మీద ఒలికితే ఆసుపత్రికి పరుగెత్తాలి. రవ్వ ఆవగింజలో పదో వంతు కూడ ఉండదు. ఉష్ణోగ్రత ఎక్కువే కాని అందులో ఉన్న ఉష్ణం చాలా కొద్ది. (ఒత్తి తీగను మాత్రం తాకకండి. అది రవ్వ కాదు!)

మన ఊళ్ళో ఫ్రీ స్కూల్ లేన్ అని ఒక సన్నని సందు ఉంది. 1874లో అక్కడ కేవెండిష్ ప్రయోగశాల తెరిచారు. సరిగ్గా నూరేళ్ళకు, 1974లో, ప్రయోగశాల ఊరికి పడమటి వైపుకు మారిపోయింది. పాత భవనం మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఆ ప్రయోగశాలకు మొదటి ఆచార్యుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. వస్తువులలోని అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయనీ, వేడి అంటే ఆ కదలికే అనీ స్థిరపరచినవారిలో ఆయన ఒకడు. గాలిలో అవి అటూ ఇటూ పరుగెత్తుతాయి. మంచుగడ్డ వంటి ఘనపదార్థంలో ఉన్నచోటనే వణుకుతుంటాయి. ఆ అలజడి ఎంత జోరుగా ఉన్నదో చెప్పే కొలతే ఉష్ణోగ్రత. అలజడి ఎక్కువైతే అణువులు వరుస తప్పుతాయి. మంచుగడ్డ నీరవుతుంది.

ఇక ఘర్షణ. మీ అరచేతులు రెండూ గట్టిగా ఒత్తి పదిసార్లు రుద్దండి. వేడెక్కాయి కదూ? ఇంటికి వెళ్ళిన తరువాత రెండు చుక్కల కొబ్బరినూనె వేసుకొని మళ్ళీ రుద్ది చూడండి. అంత వేడెక్కవు. నా చిన్నతనంలో మా ఇంటి నూతిలో చేద జారిపోతుంటే పట్టుకోబోయి అరచేయి కాల్చుకొన్నాను. తాడు చల్లనిది, నీళ్ళు చల్లనివి, చేయి మాత్రం కాలింది! ఆ ఉష్ణం బయట నుంచి రాలేదు. రాపిడిలో పుట్టింది.

మా తాతగారి బండి ఇరుసుకు ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. అందులో కందెన ఉండేది. కాల్చిన గడ్డి మసిలో ఆముదం కలిపి కందెన చేసేవారు. బండి కిర్రుమన్నదంటే తాతగారు దిగి ఇరుసుకు కందెన రాసేవారు. "ఇరుసు ఏడిస్తే ఎడ్లు ఏడుస్తాయిరా" అనేవారు ఆయన. మీకు ఆముదం అంటే అమ్మమ్మ మాడుకు అంటే జిడ్డు అనే తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లకు అదే ఆముదం వాడారు. ఆ ఇంజన్ల వేడికి ఆముదం తట్టుకొన్నట్టు భూమిలో దొరికే నూనెలు తట్టుకోలేకపోయాయి. ఎందుకని? ఇదే కేంబ్రిడ్జ్‌లో విలియం హార్డీ అనే శాస్త్రజ్ఞుడు దాని సంగతి చూశాడు. విత్తనాల నూనెలలో, కొవ్వులలో ఒక రకం పొడుగాటి అణువులు ఉంటాయి. అవి ఒక కొసతో లోహాన్ని పట్టుకొని పచ్చికలాగ నిలబడతాయి. రెండు లోహాల మధ్య ఆ పచ్చిక ఉన్నంతవరకు అవి ఒకదాన్నొకటి కొరుక్కోవు. మా తాతగారికి అణువుల సంగతి తెలియదు. ఆముదం సంగతి తెలుసు.

హార్డీ తరువాత ఈ పని అందుకొన్నవాడు ఫిలిప్ బౌడన్. ఆయన పుట్టింది ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో, 1903లో. 1927లో కేంబ్రిడ్జ్‌కు చదువుకోవడానికి వచ్చి, యుద్ధకాలంలో కొన్నేళ్ళు తప్ప జీవితమంతా ఇక్కడే గడిపాడు. 1936లో డేవిడ్ టేబర్ అనే యువకుడు లండను నుంచి వచ్చి ఆయనతో కలిశాడు. ఇద్దరూ కలిసి ఒక వస్తువు మీద ఇంకొక వస్తువు పెట్టి రుద్దడమే వృత్తిగా పెట్టుకొన్నారు. వినడానికి నవ్వు వస్తుంది. కాని ప్రపంచంలో ఎక్కడ ఏ యంత్రం తిరుగుతున్నా ఈనాటికీ వాళ్ళ లెక్కలతో పని ఉంది.

వాళ్ళు మొదట అడిగిన ప్రశ్న ఇది. నున్నటి వస్తువులు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే నిజంగా ఎంత మేర తాకుతాయి? పుస్తకం బల్లమీద పెడితే అట్ట అంతా తాకుతున్నదని అనుకొంటాం. అది పొరపాటు. ఎంత నున్నగా సానపట్టిన ఉక్కు అయినా, అణువుల లెక్కన చూస్తే కొండలూ లోయలే. ఆ కొండల కొనలు మాత్రమే తాకుతాయి. బౌడన్ దీన్ని వివరిస్తూ, స్విట్జర్లాండును తలకిందులు చేసి ఆస్ట్రియా మీద నిలబెట్టినట్టు ఉంటుందని చెప్పాడు. మనమైతే శేషాచలం కొండల్ని బోర్లించి నల్లమల మీద పెట్టామనుకొందాం. అరచేయంత ఉక్కు పలకల మీద 20 కిలోల బరువు పెడితే, పైకి కనిపించే వైశాల్యంలో పదివేల వంతులో ఒక వంతు మాత్రమే నిజంగా తాకుతుందని వాళ్ళు విద్యుత్తు పంపి లెక్కకట్టారు.

ఇప్పుడు ఉష్ణోగ్రత దగ్గరకు రండి. రాపిడిలో పుట్టిన ఉష్ణమంతా ఎక్కడ పుడుతుంది? ఆ కొద్ది కొనల దగ్గరే. చోటు చిన్నది కాబట్టి కాకరపువ్వొత్తి రవ్వలాగ అక్కడ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి లేస్తుంది. మరి దాన్ని కొలవడం ఎలాగ? థర్మామీటరు దూర్చడానికి చోటు లేదే! బౌడన్ ఒక మంచి ఉపాయం చేశాడు. రెండు వేరువేరు లోహాలు కలిసే చోట వేడి తగిలితే కొంచెం విద్యుత్తు పుడుతుంది. కాబట్టి రుద్దుకొనే రెండు లోహాలనే థర్మామీటరుగా వాడుకొన్నాడు. 1936లో అచ్చయిన ఆ ప్రయోగంలో తేలింది చూడండి. ఉక్కు చక్రం మీద లోహపు కడ్డీ జారుతుంటే, కడ్డీ మొత్తం గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. తాకే కొనల దగ్గర మాత్రం వందల డిగ్రీలు! ఎంతవరకు పెరుగుతుంది? ఆ రెండు లోహాలలో ఏది ముందు కరుగుతుందో దాని ద్రవీభవన స్థానం దాకా. అక్కడ అది కరగడం మొదలుపెడుతుంది. ఇక వేడి అంతా కరగడానికే ఖర్చవుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పైకి పోదు.

ఈ వాక్యాన్ని మీరు నోటుపుస్తకంలో రాసుకోవలసిందే. మన చిన్నారి ప్రశ్నకు తాళంచెవి ఇందులోనే ఉంది.

తరువాత కొన్నేళ్ళకు వాళ్ళు లోహం మీద గాజు పలక రుద్ది, చీకటి గదిలో గాజుగుండా చూశారు. సన్నని వెలుగు చుక్కలు మెరిసి ఆరిపోతూ కనిపించాయట. ఇది ఒట్టి వేడుక కాదు. ప్రేలుడు మందులు ఒక్కొక్కసారి తాకితేనే ఎందుకు పేలుతాయో ఆ చుక్కల వల్ల తెలిసింది. మందులో ఒక గట్టి ఇసుకరేణువు పడితే రాపిడిలో దాని కొన దగ్గర ఇలాంటి వేడి చుక్క పుడుతుంది. ఆ ఒక్క చుక్క చాలు. బాణసంచా చేసేచోట నేల మీద ఇసుక లేకుండా ఊడ్చుకోవాలని చెప్పేది ఊరికే కాదు.

సరే, మంచుగడ్డ దగ్గరకు వద్దాం. అది ఎందుకు జారుతుందో పెద్దలు మొదట ఒక జవాబు చెప్పారు. మంచుగడ్డను గట్టిగా ఒత్తితే దాని ద్రవీభవన స్థానం సున్నకంటె తగ్గుతుందని జేమ్స్ థామ్సన్ 1849లో లెక్కవేశాడు. ఆయన తమ్ముడు విలియం థామ్సన్ అది నిజమేనని ప్రయోగం చేసి చూపాడు. ఆ తమ్ముడే తరువాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. ఆయన చదువుకొన్నది మన ఊళ్ళోని పీటర్‌హౌస్ కళాశాలలోనే. దాన్ని బట్టి, మనిషి బరువుకు మంచుగడ్డ కరిగి నీరై, ఆ నీటి మీద కాలు జారుతుందని చాలామంది నమ్మారు. ఇప్పటికీ కొన్ని పుస్తకాలలో ఈ మాట ఉంటుంది. నమ్మకండి. లెక్క వేసి చూద్దాం.

ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 130 రెట్లు పైగా ఒత్తాలి. 60 కిలోల మనిషి ఒంటికాలి స్కేటు మీద నిలబడ్డాడనుకోండి. స్కేటు అడుగున ఉండే బద్ద 25 సెంటీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు అనుకొంటే, వైశాల్యం ఏడున్నర చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 8 కిలోలు. అంటే గాలి పీడనానికి దాదాపు 8 రెట్లు. ద్రవీభవన స్థానం డిగ్రీలో పదో వంతు కూడ తగ్గదు. బద్ద అంతా ఆనదు, పదో వంతే ఆనుతుందని వేసుకొన్నా ఒక డిగ్రీకి చేరదు. మరి సున్నకు పది డిగ్రీలు కిందనున్న మంచుగడ్డ మీద కూడ జనం హాయిగా స్కేటింగు చేస్తున్నారే! పైగా మన చిన్నారికి స్కేట్లు లేవు, వెడల్పాటి బూట్లే ఉన్నాయి. బరువు కూడ పాతిక కిలోలు దాటదు.

స్కేటింగు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మన ఊరికి ఉత్తరాన ఫెన్స్ అనే పల్లపు నేలలు ఉన్నాయి. శీతాకాలంలో అక్కడి పొలాల మీద నీరు నిలిచి గడ్డకట్టేది. నేల గట్టిపడితే కూలీలకు పని ఉండదు. అప్పుడు వాళ్ళు స్కేట్లు కట్టుకొని పందేలు పరుగెత్తేవారు. బహుమతి ఏమిటనుకొన్నారు? పిండి, రొట్టెలు, మాంసం. గెలిచినవాడి ఇంట్లో ఆ పూట పిల్లలు కడుపునిండా తినేవారు. ఈ దేశపు జాతీయ స్కేటింగు సంఘం పుట్టింది కూడ లండనులో కాదు, కేంబ్రిడ్జ్‌లోనే, 1879లో. ఈ మధ్య అంత గట్టి శీతాకాలాలు అరుదైపోయాయి. చలి తగ్గిందనడానికి వేరే సాక్ష్యం ఎందుకు, 2019 జూలై 25వ తేదీన మన బొటానిక్ గార్డెన్‌లో ఉష్ణోగ్రత 38.7 డిగ్రీలకు చేరింది. బ్రిటన్‌లో అప్పటికి అదే అన్నిటికన్నా ఎక్కువ. మూడేళ్ళకు లింకన్‌షైర్‌లో 40.3 డిగ్రీలు వచ్చి దాన్ని దాటింది. రెంటచింతలలో ఉన్న చుట్టాలకు ఈ అంకెలు చెబితే వాళ్ళు నవ్వుతారు, అది వేరే సంగతి.

బౌడన్ దగ్గరకు వద్దాం. ఆయనకు మంచు కొండలలో స్కీయింగు అంటే ఇష్టం. హ్యూస్ అనే సహచరునితో కలిసి ప్రయోగశాలలోనూ, స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ అనే ఎత్తైన కొండ మీది పరిశోధన కేంద్రంలోనూ మంచుగడ్డ మీద వస్తువులను జార్చి ఘర్షణ కొలిచాడు. 1939లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. లోహాల దగ్గర ఏం జరిగిందో ఇక్కడా అదే జరుగుతున్నది. తాకే కొనల దగ్గర రాపిడి ఉష్ణం పుడుతుంది. మంచుగడ్డ ద్రవీభవన స్థానం వందల డిగ్రీల దూరంలో లేదు, పక్కనే సున్న దగ్గర ఉంది. కొన వెంటనే కరిగి సన్నని నీటిపొర అవుతుంది. ఆ పొరే కందెన! వంటగది పలక కరగాలంటే వేయి డిగ్రీలు దాటాలి. మీ బూటు రాపిడికి అది కరగదు. అందుకే దాని మీద జారరు.

ఇది నిజమో కాదో తేల్చడానికి ఆయన చేసిన పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. లోహపు స్కీని, ఎబొనైట్ అనే గట్టి రబ్బరు స్కీని పోల్చి చూశాడు. ఏది తేలికగా జారుతుందో చెప్పండి. సైకిలు కడ్డీ, రబ్బరు పిడి గుర్తున్నాయా? లోహం రాపిడి ఉష్ణాన్ని గబగబా లాక్కొని పోతుంది. కొనల దగ్గర మంచుగడ్డ కరగడానికి చాలినంత మిగలదు. రబ్బరు లాక్కోలేదు, ఉష్ణం అక్కడే ఉండి మంచుగడ్డను కరిగిస్తుంది. రబ్బరు స్కీ మీదనే ఘర్షణ తక్కువ ఉన్నది. ఇంకొక సంగతి కూడ కనిపించింది. చలి ముదిరేకొద్దీ ఘర్షణ పెరుగుతుంది. సున్నకు చాలా కిందనున్న మంచుగడ్డను కరిగించాలంటే ముందు దాన్ని సున్న దాకా వేడిచేయాలి కదా.

అయితే బౌడన్ చెప్పిన దానితో కథ అంతా అయిపోలేదు. కదలకుండా నిలబడినా మంచుగడ్డ మీద కాలు ఎందుకు జారబోతుంది? అప్పుడు రాపిడి లేదే! ఈ అనుమానానికి జవాబు మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. తడి మంచుగడ్డలు రెండు ఆనించి పెడితే అవి అతుక్కొని ఒకటవుతాయి. మంచుగడ్డ పైపొర నీరులాగ ఉంటుందని ఆయన ఊహ. లోపలి అణువులకు అన్నివైపులా పట్టు ఉంటుంది. పైవాటికి ఒకవైపు పట్టు లేదు. అందుచేత అవి సున్నకు కొంచెం కిందనున్నా కుదురుగా ఉండవు. ఈ పొర ఉన్నమాట నిజమని ఇప్పుడు రుజువయింది. జారడంలో దాని వాటా ఎంత, రాపిడి వాటా ఎంత అని శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. స్కేటింగుకు అన్నిటికన్నా అనువైన ఉష్ణోగ్రత సున్నకు ఏడు డిగ్రీల కింద అని కొలతలు చెబుతున్నాయి. అంతకు పైన మంచుగడ్డ మెత్తబడి బద్ద దిగబడుతుంది. అంతకు చాలా కింద అయితే పొర చాలదు.

ఇంకా చాలా చాలా కింద అయితే? ఇప్పుడు నేను మొదట చెబుతానన్న కథ.

మన లెన్స్‌ఫీల్డ్ రోడ్డులో స్కాట్ ధ్రువ పరిశోధన సంస్థ ఉంది. దాన్ని 1920లో నెలకొల్పారు. అందులో ఒక ప్రదర్శనశాల కూడ ఉంది. బొటానిక్ గార్డెన్‌కు అది దూరం కాదు. 1910లో రాబర్ట్ స్కాట్ నాయకత్వాన దక్షిణధ్రువానికి బయలుదేరిన యాత్రకు అది జ్ఞాపకచిహ్నం. ఆ యాత్రలోని ఎడ్వర్డ్ విల్సన్ మన ఊళ్ళో కీజ్ కళాశాలలో చదువుకొన్న వైద్యుడు. 1911 జూన్ 27న విల్సన్, బౌవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు పెంగ్విన్ గుడ్ల కోసం ఒక చిన్న ప్రయాణం పెట్టుకొన్నారు. అక్కడ జూన్, జూలై శీతాకాలం. పగలు కూడ చీకటే. రెండు స్లెడ్జిబండ్ల మీద సుమారు 340 కిలోల సామాను. లాగేది కుక్కలు కావు, ఆ ముగ్గురే.

మంచు మీద బండి జారుతుందనే ధైర్యంతో బయలుదేరారు. జారలేదు. జూలైలో ఒకనాడు థర్మామీటరు సున్నకు దాదాపు 61 డిగ్రీల కిందకు దిగింది. మన తోటలో వచ్చిన 38.7 డిగ్రీలకూ దీనికీ మధ్య దూరం చూడండి. నీరు గడ్డకట్టే చోటికీ మరిగే చోటికీ ఉన్నంత! ఆ చలిలో బండి కింద మంచు కరగలేదు. రేణువులు ఇసుకలాగ ఒకదాని మీద ఒకటి దొర్లాయి. రెండు బండ్లు ఒకేసారి లాగలేకపోయారు. ఒకదాన్ని మైలు దూరం లాగి, వెనక్కు నడిచి వచ్చి రెండోదాన్ని లాగేవారు. మైలు ముందుకు పోవడానికి మూడు మైళ్ళు నడక. బౌడన్ ప్రయోగశాలలో కొలిచిన ఘర్షణను, ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు ముందుగానే ఆ ముగ్గురూ భుజాలతో కొలిచారు. ఐదు వారాలకు, మూడు గుడ్లతో, ప్రాణాలతో తిరిగి వచ్చారు.

తరువాత స్కాట్, విల్సన్, బౌవర్స్, ఓట్స్, ఎవాన్స్ ధ్రువానికి వెళ్ళారు. 1912 జనవరి 17న చేరారు. అప్పటికి నెల ముందే నార్వే దేశస్థుడు ఆముండ్‌సెన్ అక్కడికి వచ్చి వెళ్ళాడు. తిరుగుదారిలో ఎవాన్స్ ముందు చనిపోయాడు. మార్చి నెలలో వాళ్ళు అనుకొన్న దానికన్నా చలి ముదిరింది. రాత్రుళ్ళు సున్నకు 40 డిగ్రీల కిందకు పోయేది. బండి ఎడారి ఇసుక మీద లాగినట్టు ఉందని స్కాట్ దినచర్యలో పదేపదే రాసుకొన్నాడు. రోజుకు ఇన్ని మైళ్ళు అని లెక్క వేసుకొని తిండి, కిరసనాయిలు దారిలో నిల్వ చేసుకొన్నారు. ఘర్షణ ఆ లెక్క తప్పించింది. ఘర్షణ ఒక్కటే కారణం అనను. కిరసనాయిలు డబ్బాలలో ఉండవలసినంత లేదు. తిండి చాలలేదు. ఓట్స్ కాళ్ళు మంచుకు పుచ్చిపోయాయి. తనవల్ల మిగిలినవారికి ఆలస్యం అవుతున్నదని అతడు తుఫానులోకి నడిచి వెళ్ళిపోయాడు. చివరి ముగ్గురూ గుడారంలోనే ప్రాణాలు విడిచారు. ఆహారం దాచిన చోటికి ఇంకా సుమారు 20 కిలోమీటర్లు మాత్రమే ఉంది. మామూలు మంచు మీద అది ఒకటిన్నర రోజు ప్రయాణం.

స్కాట్ అక్కడ పెన్సిలుతో రాసిన చివరి ఉత్తరాలలో కొన్నిటిని ఆ సంస్థ భద్రపరచింది. మీ అమ్మానాన్నలతో ఒకసారి ఆ ప్రదర్శనశాలకు వెళ్ళండి.

ఈ వారానికి పని ఇదీ. ఫ్రీజరులో మంచుగడ్డ ముక్కలు ఉంటాయి. వాటి ఉష్ణోగ్రత సున్నకు 18 డిగ్రీల కింద. ఒక ముక్కను తీసిన వెంటనే పొడి పళ్ళెంలో పెట్టి, పళ్ళెం ఒక అంచు కింద ఒక్కొక్క పుస్తకమే పెట్టుకొంటూ పోండి. ఎన్ని పుస్తకాలకు ముక్క జారిందో రాయండి. జారక అతుక్కొంటే అదికూడ రాయండి. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఐదు నిమిషాలకు మళ్ళీ. ఉక్కు పళ్ళెం, ప్లాస్టిక్ పళ్ళెం రెండూ ఉంటే రెండింటి మీదా చేయండి. తడి వేలు మాత్రం ఆ ముక్కకు ఆనించి ఉంచకండి, అతుక్కొంటుంది. నాలుక అసలే వద్దు.

మోకాలికి దెబ్బ తగిలిన అమ్మాయీ, నీ కాగితం ముందు చూస్తాను.